చూసి నొక్కవలెను

జూన్ పదహారు, సోమవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు కొట్టాలపల్లె మండల తాసీల్దారు కార్యాలయంలోని ఏడు లాప్‌టాప్‌లలో 'ఆమోదించు' బటన్ కనిపించకుండా పోయింది.

ఆ సంగతి మొదట గమనించినవాడు జూనియర్ అసిస్టెంట్ మద్దిలేటి. ధ్రువీకరణ పత్రాల సీటు ఆయనది. పదిన్నరకు ఆ సీటు దగ్గరే కొబ్బరికాయ కొట్టారు. జిల్లాలో ఆ రోజు 'నవీకరణ పక్షోత్సవం' మొదలైంది. ప్రతి ప్రభుత్వ లాప్‌టాప్‌లో పాత ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి కొత్తది ఎక్కించాలని, రెండు వారాల్లో నూటికి నూరు శాతం పూర్తి కావాలని ఉత్తర్వు. ఉత్తర్వుకు అనుబంధంగా ఒక ప్రతిజ్ఞ వచ్చింది. సిబ్బంది నిలబడి చదివారు. తాసీల్దారు ఇమాన్యుయేలు మౌస్‌కు కట్టిన రిబ్బను కత్తిరించి, మౌస్ నొక్కారు. నలభై నిమిషాలకు లాప్‌టాప్‌లు వాటంతట అవే ఆగి, తిరిగి లేచాయి.

లేచాక అక్షరాలు ప్రహరీగోడ మీద ఎన్నికల రాతలంత అయ్యాయి. ధ్రువీకరణ పత్రాల సాఫ్ట్‌వేర్ శాఖ సొంతంగా చేయించుకున్నది. దాని పేజీని చిన్నది చేయడానికి వీల్లేదు, పైకీ కిందికీ జరగదు. ఒకే కొలతలో కూర్చుంటుంది. ఇప్పుడు తెర మీద అర్జీదారు పేరు, ఊరు, గ్రామ రెవెన్యూ అధికారి నివేదిక, పరిశీలన గడులు మాత్రం పట్టాయి. వాటి కింద ఉండవలసిన 'ఆమోదించు', 'తిరస్కరించు', 'రద్దు చేయి' అనే మూడు బటన్లు తెర అంచు దాటి కిందికి పోయాయి.

మద్దిలేటి జిల్లా సాంకేతిక విభాగానికి ఫోన్ చేశాడు. శశిధర్ అనే ఇంజనీరు ఎత్తాడు.

"కొట్టాలపల్లె నుంచి మద్దిలేటిని సార్. బటన్ కనపళ్ళేదు."

"అక్షరాలు లావుగా వచ్చినాయా?"

"వచ్చినాయి."

"గ్రాఫిక్స్ డ్రైవర్ సార్ అది. లోపలి మిషన్ ఒక భాష మాట్లాడతాది, తెర ఇంకో భాష మాట్లాడతాది. మధ్యలో దుబాసీ ఉండాల. కొత్త సిస్టమ్ వచ్చింది గానీ దుబాసీని తెచ్చుకోలా. ఇప్పుడు సైగల మీద నడుస్తాంది."

"మరి ఆ దుబాసీని ఎక్కియ్యి సార్."

"పది నిమిషాల పని. దానికి అడ్మిన్ పాస్‌వర్డ్ కావాల. అది మా దగ్గర ఉంది."

"చెప్పు సార్, రాసుకుంటా."

"నోటితో చెప్పకూడదు. మీ లాప్‌టాప్‌లోనే పాస్‌వర్డ్ అభ్యర్థన ఫారం ఉంది. నింపి, 'సమర్పించు' నొక్కండి."

మద్దిలేటి ఫారం తెరిచాడు. పదకొండు గడులు నింపాడు.

"సార్, 'సమర్పించు' గూడా కిందికే పోయింది."

"కాగితం మీద రాసి పంపమందును. కాగితాలు తీసుకోవద్దని పోయిన నెలే ఉత్తర్వు వచ్చింది."

"నువ్వే ఒకసారి వచ్చిపోకూడదా?"

"పక్షోత్సవం అయ్యేదాకా మరమ్మతులు లేవు సార్. మరమ్మతు చేసినామంటే నవీకరణ విఫలమైనట్టు లెక్క. మా పట్టికలో విఫలం అనే గడే పెట్టలేదు."

మంగళవారం దూదేకుల హుసేనమ్మ వచ్చింది. మూడు మైళ్ళ దూరంలో ఊరు. పరుపులు కుడుతుంది. వెంట కూతురు రేష్మా, చేతిలో ప్లాస్టిక్ ఫైలు.

"పాపకు జిల్లాలో పాలిటెక్నిక్ సీటొచ్చింది సార్. బీసీ సర్టిఫికెట్ కావాలంట."

"పదో తరగతప్పుడు తీసుకుంటిరి కదక్కా?"

"అది పాత నమూనా అన్నారు సార్," అంది రేష్మా. "కొత్తదాని మీద ఉండే గుర్తును స్కాన్ చేస్తారంట. చెల్లుబాటులో ఉందని రావాల. ఇరవై ఏడో తేదీ ఒక్కరోజే చూస్తారంట. ఆ రోజు సాయంత్రం ఐదు లోపల చూపియ్యకపోతే సీటు వెనకోళ్ళకు పోతాది."

మద్దిలేటి తల్లి పేరున ఉన్న అర్జీ తెరిచి నివేదిక చదివాడు. పాత సర్టిఫికెట్‌తో సరిచూశాడు. "అన్నీ సరిగ్గా ఉండాయక్కా. నొక్కేదొక్కటే తక్కువ."

"నొక్కు నాయనా మరి."

"నొక్కేది కనపడల్యా."

హుసేనమ్మ బల్ల మీదికి వంగి తెరను చూసింది. "బాగా ఎతుకు సార్. మా ఇంట్లో కత్తెర గూడా అంతే. పోయిందనుకుంటాం, పరుపు కిందనే ఉంటాది."

బుధవారం ఉదయం వీడియో సమావేశం జరిగింది. జిల్లా నవీకరణ ప్రత్యేకాధికారి రంగప్రసాద్ ముప్పై నాలుగు మండలాలతో మాట్లాడారు. కొట్టాలపల్లె తెర మీద ఆయన ముఖం నుదుటి నుంచి మీసం వరకే వచ్చింది. మాట వినిపించింది. నోరు తెర కింద ఉంది.

"నవీకరణ అనునది ఒక కార్యక్రమం కాదు. అదొక దృక్పథం. ముప్పై నాలుగు మండలాలూ మొదటి రోజే నూటికి నూరు శాతం లక్ష్యం సాధించినందుకు అభినందనలు. ఎవరికైనా సమస్యలు ఉన్నయెడల నిర్భయంగా తెలియజేయవచ్చును. సమస్య తెలియజేసిన మండలాన్ని వెనుకబడిన మండలంగా గుర్తించి ప్రత్యేక శ్రద్ధ వహించడం జరుగుతుంది."

ఎవరూ తెలియజేయలేదు. ఇమాన్యుయేలు మైకు ఆపి ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నారు.

"మరొక సంతోషకర పరిణామం. సోమవారం మధ్యాహ్నం నుంచి జిల్లా మొత్తం మీద ఒక్క అర్జీ కూడా తిరస్కరణకు గురికాలేదు. ఇది చరిత్రలో ప్రథమం."

ముప్పై నాలుగు మండలాలు చప్పట్లు కొట్టాయి. ఒక్క అర్జీ కూడా ఆమోదం పొందలేదన్న సంగతి కార్యక్రమ పట్టికలో లేదు.

సమావేశం అయ్యాక ఇమాన్యుయేలు మద్దిలేటి బల్ల దగ్గరికి వచ్చారు. ఆయనకు రెవెన్యూలో ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. తెరను పక్కకు వంచి చూశారు. వెనక్కి తిప్పి చూశారు. అంచు దగ్గర కన్ను పెట్టి కిందికి తొంగి చూశారు.

"ఉండాల్సింది ఉండాల్సిన చోట లేదు. అంతే కదా?"

"అంతే సార్."

"రెవెన్యూలో మనకిది కొత్తా? హద్దు తెలీనప్పుడు ఏం చేస్తాం?"

"సర్వే చేస్తాం సార్."

"తిమ్మారెడ్డిని పిలువు."

మండల సర్వేయర్ తిమ్మారెడ్డి గొలుసు తెచ్చాడు. గొలుసు పెద్దదైందని దర్జీ దగ్గర టేపు తెప్పించాడు. పాత సాఫ్ట్‌వేర్ శిక్షణ పుస్తకంలో బటన్లతో సహా పేజీ బొమ్మ ఒకటి ఉంది. దాన్ని పొలం పటంగా స్వీకరించాడు. తెర పొడవూ వెడల్పూ కొలిచాడు. కిటికీ వైపు తూర్పు అని రాసుకున్నాడు. తమ తమ పనుల మీద వచ్చి వరండాలో కూర్చున్న ముగ్గురు రైతులను లోపలికి పిలిచి పంచనామా రాశాడు. రాసింది పైకి చదివాడు.

"కొట్టాలపల్లె గ్రామ కాపురస్తులమైన మేము, అనగా పంచాయతీదారులము, సర్వేయరు గారి సమక్షమున సదరు తెరను పరిశీలించితిమి. తెర విస్తీర్ణములో కొరత లేదు. పటము ప్రకారము 'ఆమోదించు' అను బటన్ తెర దక్షిణపు హద్దుకు ఒకటిముప్పావు అంగుళము దిగువన ఉండవలసి ఉన్నది. సదరు స్థలము ప్రస్తుతము కీబోర్డు వారి అనుభవములో ఉన్నది."

"ఆక్రమణ అంటావా?" అన్నారు ఇమాన్యుయేలు.

"ఆక్రమణో, అనుభవమో సార్. స్థలమైతే అదే."

రైతుల్లో పెద్దాయన సంతకం పెడుతూ, "మా బోరు కాగితం గూడా దీని కిందనే పడిపోయిందా సామీ?" అన్నాడు. ఉండవచ్చునని తిమ్మారెడ్డి అన్నాడు.

తిమ్మారెడ్డి కొలిచిన చోట ఒక మీట ఉంది. దాని మీద ఎఫ్-5 అని రాసి ఉంది. దాని చుట్టూ ఎర్ర రంగుతో గిరి గీశాడు. మిగతా ఆరు లాప్‌టాప్‌లకూ అదే చోట గీశాడు. ఇమాన్యుయేలు ఒక అర్జీ తెరిపించి, గిరిలో వేలు పెట్టి నొక్కారు. తెర ఒకసారి రెప్ప కొట్టింది. అర్జీ మాయమైంది.

"పోయింది సార్," అన్నాడు మద్దిలేటి.

"పోయిందంటే? పైకి పోయిందా?"

"పైకో కిందికో తెలీదు సార్. ఇక్కడైతే ల్యా."

"ఇక్కడ లేదంటే పైకి పోయినట్టే. కానీండి."

గురువారం మధ్యాహ్నం వరకు ఏడు లాప్‌టాప్‌ల మీద అరవై ఒక్క అర్జీలు ఆ విధంగా పంపారు. రెండు గంటలకు మద్దిలేటి జాబితా తెరిస్తే అరవై ఒకటీ మొదటి స్థితిలో ఉన్నాయి. వాటికి నింపిన పరిశీలన గడులు ఖాళీ అయ్యాయి. ఆ మీట పని, పేజీని కొత్తగా తెరవడం. ఎవరు నొక్కినా అదే చేస్తుంది. హుసేనమ్మ అర్జీని మద్దిలేటి ఆ అరవై ఒకటిలో కలపలేదు. ఎందుకు కలపలేదని అడిగితే చెప్పడానికి ఆయన దగ్గర కారణం లేదు. ఎవరూ అడగలేదు.

శుక్రవారం ఉదయం తల్లీకూతుళ్ళు మళ్ళీ వచ్చారు. వచ్చే శుక్రవారమే గడువు.

మద్దిలేటి ఉద్యోగంలోకి టైపు పరీక్ష రాసి వచ్చాడు. ఆయనకు టైపు నేర్పిన మాస్టరు మిషన్ మీద గుడ్డ కప్పి నేర్పాడు. అక్షరం చూసి కొట్టినవాడికి వేళ్ళ మీద స్కేలు పడేది. ఆ మిషన్‌లో ట్యాబ్ అనే మీట కొడితే కాగితం చుట్టిన బండి ఒక గడి నుంచి పక్క గడికి దూకేది. లాప్‌టాప్‌లోనూ ఆ మీట ఉంది. చివరి పరిశీలన గడిలో నిలబడి ఒక్కసారి ట్యాబ్ కొడితే ఎక్కడికి దూకాలి? శిక్షణ పుస్తకం బొమ్మ ప్రకారం 'ఆమోదించు' మీదికి. రెండుసార్లు కొడితే 'తిరస్కరించు' మీదికి. మూడుసార్లు కొడితే 'రద్దు చేయి' మీదికి.

"అక్కా, ఒక దారి ఉంది. నాకు కనపడదు, లెక్క మీద పోవాల. ఒకటి ఎక్కువ పడిందంటే తిరస్కరణ అయిపోతాది. మళ్ళా అర్జీ పెట్టుకోవాలంటే పదిహేను రోజులు."

హుసేనమ్మ కూతురి వైపు చూసింది.

"ఎన్నిసార్లు కొట్టాల సార్?" అంది రేష్మా.

"ఒకసారి."

"ఒకటి లెక్కబెట్టడానికి అంత భయమెందుకు సార్?"

"నోరు మూసుకో పాపా," అంది హుసేనమ్మ. "నువ్వు కొట్టు నాయనా. నేను పరుపులో సూది చూసి కుడతానా ఏంది."

ఆమోదానికి తాసీల్దారు డిజిటల్ సంతకం కావాలి. ఆ సంతకం ఒక పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. పెన్‌డ్రైవ్ నాలుగేళ్ళుగా మద్దిలేటి సొరుగులో ఉంటుంది. ముప్పై నాలుగు మండలాల్లోనూ అది అటువంటి సొరుగుల్లోనే ఉంటుంది. మద్దిలేటి దాన్ని గుచ్చాడు. ఒక ట్యాబ్ కొట్టాడు. తెర మీద ఏమీ మారలేదు. ఎంటర్ కొట్టాడు. పక్క గదిలో ప్రింటర్ కదిలింది.

రేష్మా ఫోన్ తీసి కాగితం మీద గుర్తును స్కాన్ చేసింది. 'చెల్లుబాటులో ఉంది' అని వచ్చింది.

సోమవారం సాయంత్రానికి మద్దిలేటి ఆ విధంగా రెండు వందల పన్నెండు సర్టిఫికెట్లు ఇచ్చాడు. ప్రతి అర్జీ చదివి ఇచ్చాడు. మధ్యలో పాస్‌వర్డ్ అభ్యర్థన ఫారం కూడా ట్యాబ్ కొట్టి పంపాడు. దానికి అరగంటలో జవాబు వచ్చింది: "పక్షోత్సవం ముగిసిన పిమ్మట పరిశీలించబడును."

మంగళవారం జిల్లా కేంద్రంలో రంగప్రసాద్ తన పట్టిక చూశారు. ముప్పై మూడు మండలాల ఎదురుగా సున్నా ఉంది. కొట్టాలపల్లె ఎదురుగా రెండు వందల పన్నెండు ఉంది. ముప్పై మూడు మండలాలు ఒక తీరుగా, ఒక మండలం ఒక తీరుగా ఉంటే తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి విచారణ అక్కర్లేదని ఆయన అన్నారు. అయినా నియమం ప్రకారం బుధవారం విచారణకు వచ్చారు.

తాసీల్దారు గదిలో రంగప్రసాద్ తాసీల్దారు కుర్చీలో కూర్చున్నారు. ఇమాన్యుయేలు ఎదురు కుర్చీలో కూర్చున్నారు. మద్దిలేటి నిలబడ్డాడు.

"నియమావళి తొమ్మిది, ఉపనిబంధన రెండు. చదవండి."

మద్దిలేటి చదివాడు. "ఆమోదించు అధికారి సదరు బటన్‌ను స్వయముగా చూసి నొక్కవలెను."

"మీరు బటన్ చూశారా?"

"లేదు సార్."

"అనగా చూడకుండా నొక్కారు."

"నొక్కలేదు సార్. ట్యాబ్ కొట్టి ఎంటర్ కొట్టినా."

"అనగా నొక్కకుండానే ఆమోదించారు." రంగప్రసాద్ రాసుకున్నారు. "అభియోగాలు రెండయ్యాయి."

"సార్, అర్జీలన్నీ చదివినా. రెండు వందల పన్నెండులో ఒకటి గూడా తప్పు ల్యా. మీరే తీసి చూడండి."

"అర్జీ చదవాలని నియమావళిలో ఎక్కడుంది?"

మద్దిలేటి వెతికాడు. లేదు.

"బటన్ చూడాలని ఉంది. ఉన్నది పాటించకుండా లేనిది పాటించారు." ఆయన ఇమాన్యుయేలు వైపు తిరిగారు. "సంతకం మీది కదా?"

"నాదే సార్."

"ఆ సమయంలో మీరెక్కడున్నారు?"

ఇమాన్యుయేలు ఫ్యాన్ వైపు చూశారు. "పర్యవేక్షణలో ఉన్నాను సార్."

"మంచిది. అయితే మీ మీద ఏమీ లేదు." రంగప్రసాద్ కాగితాలు సర్దుకున్నారు. "మిగతా ముప్పై మూడు మండలాల్లోనూ బటన్ కనిపించడం లేదని అనధికారికంగా నా దృష్టికి వచ్చింది. వాళ్ళు ఏం చేశారు? కనిపించనిదాన్ని ముట్టుకోలేదు. క్రమశిక్షణ అంటే అది."

"జనాలు తిరుగుతాండారు కద సార్," అన్నాడు మద్దిలేటి.

"జనాలు తిరగడం మీద అభియోగం లేదు."

మద్దిలేటికి మెమో ఇచ్చారు. జవాబుకు ఏడు రోజులు గడువు. రెండు వందల పన్నెండు సర్టిఫికెట్లను క్రమ పద్ధతిలో జాబితా చేసి సమర్పించమని మరో కాగితం ఇచ్చారు. ఏ క్రమమో అందులో లేదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే జాబితా తేదీ క్రమంలో వస్తుంది. అందులో హుసేనమ్మది మొదటి పేరు. మద్దిలేటి గురువారమంతా కూర్చుని అర్జీదారుల పేర్లను, ఇంటిపేర్లు వదిలి, అక్షరక్రమంలో టైపు చేశాడు. అందులో హుసేనమ్మది రెండు వందల తొమ్మిదో పేరు.

శుక్రవారం, ఇరవై ఏడో తేదీ ఉదయం పదకొండుకు ఉత్తర్వు వచ్చింది. జాబితాలోని సర్టిఫికెట్లన్నిటినీ అదే రోజు సాయంత్రం ఐదులోగా, జాబితా క్రమంలో రద్దు చేయాలి. ఇమాన్యుయేలు దాన్ని తెచ్చి మద్దిలేటి బల్ల మీద పెట్టారు.

"కొట్టు మద్దిలేటీ. మూడు ట్యాబులంటివి కదా."

"రద్దు బటన్ గూడా కిందనే ఉంది సార్."

"ఉంటే?"

"చూడకుండా నొక్కినానని మెమో ఇచ్చినారు. దానికే ఇంకా జవాబు రాయలా. మళ్ళా చూడకుండా నొక్కమంటే ఎట్ల సార్? రాసియ్యండి, నొక్కుతా."

ఇమాన్యుయేలు రాసివ్వలేదు. జిల్లాకు ఫోన్ చేశారు. విషయం చెప్పారు. బటన్ కనిపించేటట్టు చేయడానికి మనిషిని పంపుతున్నామని అవతల రంగప్రసాద్ అన్నారు.

పన్నెండు ముప్పావుకు శశిధర్ జిల్లా కేంద్రంలో ప్రభుత్వ జీపు ఎక్కాడు. దూరం అరవై నాలుగు కిలోమీటర్లు. మధ్యలో రైల్వే గేటు ఒకటి.

ఒంటిగంటకు మద్దిలేటి హుసేనమ్మకు ఫోన్ చేశాడు.

"చూపిచ్చినారా అక్కా?"

"యాడ నాయనా. మాది నూట ముప్పై ఒకటో నంబరు. ఇప్పుడు అరవై రెండు నడుస్తాంది. భోజనాలకు లేస్తాండారు."

"ముందుకు పోనిస్తారేమో అడుగు."

"అడిగితిని. అందరికీ తొందరే అంటాండారు. ఏం సార్, ఏమన్నా ఉందా?"

"ఏం లేదక్కా. నీడలో కూర్చోండి. నంబరు మాత్రం వదలొద్దండి."

శశిధర్ మూడు గంటలకు వచ్చాడు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి గుచ్చి, పాస్‌వర్డ్ కొట్టాడు. మూడు గంటల పదిహేడు నిమిషాలకు మద్దిలేటి లాప్‌టాప్‌లో అక్షరాలు చిన్నవయ్యాయి. తెర అడుగున మూడు బటన్లు వచ్చాయి. మొత్తం పన్నెండు నిమిషాలు పట్టింది. మిగతా ఆరు లాప్‌టాప్‌ల జోలికి ఆయన పోలేదు.

"పక్షోత్సవం అయ్యేదాకా మరమ్మతు లేదంటివే సార్," అన్నాడు మద్దిలేటి.

"ఇది మరమ్మతు కాదు సార్. రద్దుకు సాంకేతిక సహకారం. దీనికి పట్టికలో గడి ఉంది."

మూడు గంటల ముప్పై ఒకటికి రద్దు మొదలైంది. పక్కన నిలబెట్టిన ఫోన్‌లో రంగప్రసాద్ వీడియో ద్వారా పర్యవేక్షించారు. ఇమాన్యుయేలు స్వయంగా మద్దిలేటి కుర్చీలో కూర్చుని బటన్ చూసి నొక్కారు. నొక్కినప్పుడల్లా "చూశాను" అన్నారు. మద్దిలేటి పక్కన నిలబడి రిజిస్టరులో క్రమ సంఖ్య, సమయం, "చూచితిని" అనే మాట రాశాడు. నిమిషానికి మూడు చొప్పున పోయాయి. అర్జీ ఎవరిదో, దేనికో ఎవరూ చదవలేదు. చదివితే నిమిషానికి మూడు పోవు.

నాలుగుంబావుకు హుసేనమ్మ ఫోన్ చేసింది. మద్దిలేటి పెన్ను ఆపి తన ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"నూట ఇరవై ఆరు సార్. ఇంకో ఐదు మంది. పాప తలుపు దగ్గర నిలబడింది."

"సరే అక్కా."

"నువ్వు ఎందుకట్ల మెల్లగా మాట్లాడతాండావు?"

"ఆఫీసులో ఉండాను."

రిజిస్టరు అప్పటికి నూట ముప్పై నాలుగులో ఉంది.

"వేగం తగ్గింది," అన్నారు ఫోన్‌లోంచి రంగప్రసాద్.

"రాయాల కద సార్," అన్నాడు మద్దిలేటి. "చూచితిని అనేది పూర్తిగా రాయాల. పొడి అక్షరాలు పెడితే రేపు ఆడిట్‌లో పట్టుకుంటారు."

"రాయండి. పూర్తిగా రాయండి."

నూట ఎనభై రెండు దగ్గర ఇమాన్యుయేలు తల తిప్పకుండా, ఫోన్‌కు వినిపించనంత మెల్లగా అడిగారు.

"ఆ పరుపులామె ఎన్నో నంబరు?"

మద్దిలేటి ఆయన వైపు చూశాడు. "రెండు వందల తొమ్మిది సార్."

ఇమాన్యుయేలు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకోవడం మొదలుపెట్టారు. ఒక అద్దం తుడిచి వెలుగులో పట్టి చూశారు. రెండోది తుడిచారు. మళ్ళీ మొదటిది తుడిచారు.

"ఏమైంది?" అన్నారు రంగప్రసాద్.

"బటన్ మసకగా ఉంది సార్. చూసి నొక్కాలి కదా."

అటునుంచి అభ్యంతరం రాలేదు. తుడవడానికి ఎంతసేపు పట్టిందో రిజిస్టరులో రాయలేదు. అందుకు గడి లేదు.

నాలుగు గంటల నలభై మూడు నిమిషాలకు రెండు వందల పన్నెండో సర్టిఫికెట్ రద్దయింది. గడువు కంటే పదిహేడు నిమిషాల ముందు పని పూర్తిచేసినందుకు రంగప్రసాద్ మండలాన్ని అభినందించారు. శశిధర్ జీపులో వెళ్ళిపోయాడు.

ముప్పయ్యో తేదీ, సోమవారం పక్షోత్సవం ముగిసింది. జిల్లా నివేదికలో నవీకరణ నూరు శాతం, వైఫల్యాలు లేవు, రద్దులు రెండు వందల పన్నెండు అని ఉంది. సర్టిఫికెట్లు రద్దయినవారు కొత్తగా అర్జీలు పెట్టుకోవడానికి ఆ రోజు కార్యాలయానికి వచ్చారు. గేటు దాకా వరుస ఉంది. వాళ్ళలో బోరు కాగితం రైతు ఉన్నాడు. మద్దిలేటి సస్పెన్షన్ ఉత్తర్వు మధ్యాహ్నం మూడు గంటలకు అందింది. ఆయన అందినట్టు సంతకం చేసి, సొరుగులోని పెన్‌డ్రైవ్‌ను తాసీల్దారుకు అప్పగించి, రసీదు తీసుకున్నాడు.

రిజిస్టరు ప్రకారం రెండు వందల తొమ్మిదో నంబరు సర్టిఫికెట్ రద్దయిన సమయం నాలుగు గంటల నలభై రెండు నిమిషాలు. దూదేకుల రేష్మాకు పాలిటెక్నిక్ ఇచ్చిన ప్రవేశ పత్రం మీద అచ్చయిన సమయం నాలుగు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు.